చెరువు కింద మడులు

ఒక మాట చాలా ఏళ్లుగా నా లోపల బరువుగా కూర్చుని ఉంది. దింపుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. దింపలేదు. ఎందుకంటే, మీ దగ్గర దాపరికం దేనికి, ఆ బరువు మీదే నా పేరు నిలబడి ఉంది.

నేను మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు భూగోళం చెబుతాను. మొదటి ఏడాది భౌతిక భూగోళశాస్త్రం ఎప్పుడూ నాదే. నా పేరు, కాలేజీ పేరు రాయను. రాయకపోయినా నా దగ్గర చదువుకున్నవాళ్లు నాలుగు వాక్యాల్లో పోల్చుకుంటారు. మా చుట్టుపక్కల ఈ పాఠం నా అంత బాగా చెప్పేవాళ్లు లేరు. ఇది గొప్పలు చెప్పుకోవడమే. కాసేపు చెప్పుకోనివ్వండి. తర్వాత ఎలాగూ తల దించుకోవాల్సిందే.

నా క్లాసులో మొదటి రోజు పాఠం ఉండదు. నేను వాళ్ల నుంచి ఏం కోరుకుంటానో, వాళ్లు ఎలా చదవాలో, ఆ గంటంతా అదే. గైడ్లు నా గది గడప దాటకూడదు. పాఠం ముందు రోజే చదివి, అర్థం కానిదాన్ని ప్రశ్నగా పట్టుకుని రావాలి. ప్రశ్న లేకుండా వచ్చారంటే చదవలేదని లెక్క. పొద్దున లేవగానే ఫోను కాదు, ఆకాశం చూడాలి. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూసుకుని రావాలి. నైరుతి రుతుపవనాల గురించి పేజీలు నింపేవాళ్లకి తమ ఇంట్లో జల్లు ఏ కిటికీలోంచి కొడుతుందో తెలియకపోతే నేను మార్కులు వేయను. పటంలో ఎత్తు చూపించే కాంటూర్ గీతలు బట్టీ పట్టనివ్వను. బంగాళాదుంపను, అదే మా ఉర్లగడ్డను, అడ్డంగా చక్రాలు కోయించి, ఒక్కో చక్రం చుట్టూ పెన్సిలు తిప్పిస్తాను. కొండ కాగితం మీదికి ఎలా దిగుతుందో అర్థమైన పిల్ల ముఖం ఆ రోజు మీరు చూడాలి. ఆ తర్వాత హార్స్‌లీ కొండను చూసే చూపే మారిపోతుంది. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం, చూడనిది గీయకూడదు.

ఆ నియమం దగ్గరికి వచ్చేసరికి ఒక కథ చెప్పేదాన్ని. పెద్దమండ్యం వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది, మీ ఊరి పటం గీసుకుని రమ్మంటే ‘చెరువు కింద మడులు’ అని రాసి, వాటిని చెరువుకు పైన గీసుకొచ్చింది, హాస్టల్లో కూర్చుని కాగితం తలకిందులుగా పట్టుకుని గీసింది, పాపం ఆ ఊరి చెరువు శీర్షాసనం వేసింది అని. క్లాసంతా ఘొల్లుమనేది. ఏటా నవ్వేవాళ్లు. ఆ నవ్వుతో కొత్త పిల్లల బెరుకు పోయేది, నియమం బుర్రలోకి దిగేది. కథ బ్రహ్మాండంగా పని చేసేది.

కథ అబద్ధం.

రాసేశాను. ఇక వెనక్కి తీసుకోలేను. మొదటి నుంచి చెబుతాను, వినండి.

ఆ పిల్లను రెడ్డెమ్మ అందాం. అసలు పేరు కాదు. మా వైపు ఇంటికొక రెడ్డెమ్మ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. కూలి పని చేసుకునే ఇంటి పిల్ల. వాళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. కుప్పంలో అంగడి పెట్టుకుని బతికే ఇంట్లో పుట్టినదాన్ని. యూనివర్సిటీలో మొదటి ర్యాంకు. పొలాన్ని గుడుపల్లె బస్సు కిటికీలోంచి చూశానే గాని మడిలో కాలు పెట్టినదాన్ని కాదు. అయినా పిల్లలందరినీ ఊళ్లకు పంపి పటాలు గీసుకురమ్మన్నాను. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. దిద్దేదానికి మాత్రం నేను కుర్చీలోంచి లేవలేదు.

రెడ్డెమ్మ పటం నా బల్ల మీదికి వచ్చింది. శుభ్రంగా ఉంది. పైన ఉత్తరం బాణం. మధ్యలో చెరువు, కట్ట, తూము. కట్టకు పై వైపున పచ్చగా రంగు వేసి, చెరువు కింద మడులు అని రాసింది. నాకు నవ్వొచ్చింది. ఆమెను లేపి నిలబెట్టాను.

“ఏమ్మా, చెరువు కింద మడులు అని రాసినావు. గీసిందేమో పైన. మీ ఊర్లో నీళ్లు మీదికి ఎక్కతాయా?”

“మా ఊర్లో మడులు ఆడే ఉండాయి మేడం.”

“ఆడంటే యాడ?”

“కట్టకింద మేడం.”

“కింద అంటే ఇది.” కాగితం అడుగు అంచును వేలితో కొట్టి చూపించాను. “నిజం చెప్పు. ఊరికి పోయి సూసి గీసినావా, హాస్టల్లో కూర్చోని గీసినావా?”

“సూసే గీసినా మేడం. కట్టమింద నిలబడి...”

“అయితే మీ ఊరి చెరువు శీర్షాసనం ఏసుండాదిలే.”

క్లాసు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పటం మీద ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన ‘చూడకుండా గీసినది’ అని రాసి ఇచ్చాను. ఆమె తీసుకుని, మడత పెట్టకుండా, అలాగే చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ వారంలోనే భూగోళం వదిలేసి చరిత్ర, అర్థశాస్త్రం ఉన్న గ్రూపుకు మారిపోయింది. అంతకుముందు క్లాసులో ప్రశ్న లేకుండా వచ్చిన రోజు లేని పిల్ల. ఎం.ఏ. భూగోళం చదవాలని ఉందని చేరిన కొత్తల్లో నాతో చెప్పిన పిల్ల. పోతే పోయిందిలే అనుకున్నాను.

మీలో పల్లెలో పుట్టినవాళ్లకు నా తప్పు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. చెరువు కింద అంటే కట్టకు దిగువన, తూము నీళ్లు పారే వైపు. అది ఏ దిక్కయినా కావచ్చు. కుప్పం చుట్టుపక్కల నీళ్లు పాలారులో పడి దక్షిణంగా తమిళదేశానికి పోతాయి. అందుకే నేను చూసిన చెరువుల కింది మడులు పటంలోనూ కిందే ఉండేవి. నాకు కింద అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయని తెలుసుకునే అవసరమే రాలేదు. పెద్దమండ్యం వైపు వాగులు ఉత్తరానికి, పెన్న దిక్కుకు పారతాయి. ఆ ఊర్లో చెరువు కింద మడులు ఉత్తరాన ఉంటాయి. కాగితం మీద ఉత్తరం పైన. ఆమె గీసిందీ సరిగ్గా అక్కడే. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. నేను మొదటి ర్యాంకు గురివిందను.

ఇంతవరకు అయితే పొరపాటు. పొరపాటుకు ఇన్నేళ్లు నిద్ర చెడగొట్టుకునే మనిషిని కాదు నేను.

మరుసటి ఏడాది పిల్లలను తీసుకుని ఆ వైపే వెళ్లాను. వానలు బాగా పడి రెడ్డెమ్మ ఊరి చెరువు నిండింది. కట్ట మీద నిలబడి దిక్సూచి తెరిచాను. నీళ్లు దక్షిణాన. మడులు ఉత్తరాన. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి చేతులు ఊపారు. సరిగ్గా ఇక్కడే కదా ఆ పిల్ల నిలబడి గీసింది? నేను కదా చూడకుండా దిద్దింది? పిల్లలు నా ముఖం వైపు చూస్తున్నారు. అప్పుడు ఏం చేశానో తెలుసా? పాఠం చెప్పాను. కింద అంటే కాగితం అడుగు కాదు, నీళ్లు పోయే దిక్కు, పటంలో ఉత్తరం పైనుంటే నేల మీద ఎత్తుగా ఉన్నట్టు కాదు, ముందు నీటి దారి చూడండి, తర్వాతే గీత గీయండి అని, ఆ కట్ట మీదే, అప్పటికప్పుడు. నా జీవితంలో నేను చెప్పిన మంచి పాఠం అదే. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పాఠంతోనే నాకు పేరొచ్చింది. అది రెడ్డెమ్మ పటంలో ఉన్న పాఠం.

రెడ్డెమ్మ అప్పటికి అదే కాలేజీలో ఉంది. వరండాలో ఎదురైతే “నమస్తే మేడం” అని పక్కకు తప్పుకునేది. ఒక్క మాట చాలు కదా? పిలిచి, నీ పటం సరైనదే అని చెబితే సరిపోయేది కదా? గ్రూపు మళ్లీ మార్పించే వీలు లేకపోయినా, కనీసం ఆ ఎర్ర ఇంకు మాట కొట్టేసి ఉండేదాన్ని. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎందుకు? కొత్త ఉద్యోగం అనుకున్నానా? అదేం కాదు. నా తప్పును ఒక కూలింటి పిల్ల ముందు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఏ వకీలు గారి అమ్మాయో ఆ పటం గీసి ఉంటే అంత తేలిగ్గా నవ్వేదాన్నా, లేక మ్యాపు తెప్పించి ఒకసారి చూసుకునేదాన్నా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. చూసుకునేదాన్ని.

పైగా కథ మానలేదు. మొదటి రోజు తలకిందుల చెరువు కథ, ఏడాది చివర కట్ట మీద పాఠం. రెంటినీ ఎవరైనా కలుపుతారేమోనని పిల్లలను మళ్లీ పెద్దమండ్యం వైపు తీసుకుపోలేదు. సోమల వైపు చెరువులకు తీసుకుపోయేదాన్ని. బస్సుకు దారి బాగుంటుందని చెప్పేదాన్ని.

ఈమధ్య కొన్నేళ్లుగా పుంగనూరు నుంచి వచ్చే పిల్లలు నా క్లాసులో మెరుస్తున్నారు. పటం చేతికిస్తే ముందు నీళ్లు ఏ వైపు పోతాయో వెతుకుతారు. నా పేరు విని అంత దూరం నుంచి వస్తున్నారని మురిసిపోయేదాన్ని. పోయిన ఏడాది మొదటి రోజు నా కథ అయ్యింది, అందరూ నవ్వారు, నవ్వు ఆగాక ఒక పుంగనూరు పిల్ల లేచి, “మేడం, ఆ ఊర్లో ఏరు యా పక్కకి పారతాది? ఉత్తరానికి పారేటట్టయితే ఆ పిల్ల గీసింది కరెక్టే కదా?” అంది. ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. బళ్లో సోషల్ టీచరు అంది. టీచరు పేరు చెప్పింది.

రెడ్డెమ్మే.

ఆ రోజు ఆ పిల్ల ప్రశ్నకు తర్వాత చూద్దాం అన్నాను. ప్రశ్న తెమ్మని చెప్పేదాన్ని నేనే, తెచ్చిన పిల్లను కూర్చోబెట్టిందాన్నీ నేనే. ఆ సంవత్సరమంతా ఆ పిల్ల మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు. సెలవులు వస్తున్నాయనగా ఒక శనివారం పుంగనూరు బస్సెక్కాను.

బడి వరండాలో నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ వేసింది. తల అక్కడక్కడా నెరిసింది, నిలబడే తీరు మాత్రం మారలేదు. నేను కూర్చోలేదు. నీ పటం కరెక్టు, మరుసటి ఏడాదే చూశాను, చూసి కూడా నీకు చెప్పలేదు అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“మాయమ్మ నాట్లేసిన మడులు మేడం అవి. యాడ ఉండాయో నాకు తెలీదా?” అంది. తర్వాత, “సున్నా ఏసినందుకు కాదు మేడం. సూడకుండా గీసిందని రాసినారే. అదేం రాసినారో సదివి సెప్పమనె మాయమ్మ. సెప్పలేకపోతిని” అంది.

క్లాసులో ఏటా చెప్పే కథ సంగతి నేను ఎత్తలేదు. ఆమే ఎత్తింది.

“మా పిల్లోళ్లు వచ్చి సెప్తాంటారు మేడం, నవ్వుకుంటా. ఆ పిల్ల నేనేనని వాళ్లకి సెప్పలా.”

“తెలిసి కూడా నా దగ్గరికి యాల పంపిస్తాండావు?” అన్నాను.

“మీరు పాఠం బాగ సెప్తారు మేడం.”

గంట కొట్టారు. క్లాసుందని చెప్పి, నమస్తే పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే గురువు మాట తీసేయలేక అయ్యో మేడం అనేసి ఉండేది. అలా మొహమాటపెట్టి తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆమె ఇవ్వనూ లేదు. నాకు దొరికిన బిరుదులూ శాలువాలూ చాలానే ఉన్నాయి గాని, ఆమె చెప్పిన ఆ మెచ్చుకోలంత గొప్పది ఏదీ లేదు. అంతగా తగిలిందీ ఏదీ లేదు. తిరుగు బస్సులో ఏడ్చాను. ఆమెను చూసి గర్వంగా కూడా ఉంది, అది దాచను. ఆ గర్వపడే హక్కు నాకుందా? లేదు. అయినా ఉంది, ఏం చేసేది?

ఈ జూన్‌లో కొత్త పిల్లలు వచ్చారు. మొదటి రోజు. గైడ్లు, ప్రశ్న, ఆకాశం, ఉర్లగడ్డ, అన్నీ అయ్యాయి. పెద్ద నియమం దగ్గరికి వచ్చాను. ఈసారి కథ మార్చి చెప్పాను. చూడకుండా దిద్దిన ఒక పంతులమ్మ కథ, ఆమె కాగితం అడుగు అంచును వేలితో కొట్టి చూపించిన వైనం, అన్నీ చేసి చూపించాను. ఆ పంతులమ్మ నేనే అని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత క్లాసంతా అందుకుంది. నన్ను చూసి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. పుంగనూరు నుంచి వచ్చిన ఇద్దరు మాత్రం నవ్వకుండా నన్నే చూస్తున్నారు.

నేను నిలబడి, ఆ నవ్వు అయిపోయేదాకా ఉన్నాను. అయ్యాక సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మొట్టమొదట నీటి దారి గీశాను.