టిష్యూ ప్యాకెట్ పెట్టాను, లేవండి

కాలేజీలో చేరే వయసులో దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో నా మీద నాకు అంతే ఉండేది. రెండోది ఇప్పుడు కాస్త తగ్గింది. నాకు బడి అంటే సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ వంటింటి బల్ల, టీచరంటే అమ్మ. (పప్పుకి పోపు పెడుతూనే లెక్కలు చెప్పిన ఆ తల్లికి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.) అలాంటిదాన్ని, చిన్నపిల్లలకు చదువు చెప్పే కోర్సు చేస్తానని ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కి బయలుదేరితే మా వదిన ఎయిర్‌పోర్టులోనే నవ్వింది. "క్లాసురూము మొహం చూడనిదానివి, నలుగురిలో కూర్చోగలవా? నెల తిరక్కుండా వచ్చేస్తావు చూడు." నాకు రోషం పొడుచుకొచ్చింది. "మొదటి వరసలోనే కూర్చుంటాను వదినా. ఒక్క వరస వెనక్కి జరిగినా అప్పుడు నన్నడుగు!"

మా సింగపూర్ ఎండ చెమటతో సరిపెడుతుంది. అక్కడిది చర్మం ఒలుస్తుంది. ఆ ఎండలోనే మొదటి రోజు అందరికంటే ముందు క్లాసుకి చేరి, మొదటి వరసలో మధ్య కుర్చీ చూసుకుని, బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి మంచినీళ్లకి వెళ్లాను. వరసగా తిండి కొట్లుండే మా హాకర్ సెంటర్లలో బల్లమీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరో 'చోప్' చేసేసుకున్నట్టే, అంటే ముందే పట్టేసుకున్నట్టే. ఆకలితో కళ్లు తిరుగుతున్నవాడు కూడా దాని జోలికి పోడు. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో మా అమ్మ వయసావిడ, కమిలిన ముక్కుతో, నా టిష్యూతోనే చెమట తుడుచుకుంటోంది.

"ఆంటీ, ఇది నా సీటు. టిష్యూ పెట్టాను కదా!"

"ఓ, ఇవి నీవా? ఎవరో పుణ్యాత్ములు అందరికోసం పెట్టారనుకున్నా. చాలా థాంక్స్!" అని ఇంకోటి లాగింది.

ఆ వరస నిండిపోయింది. వెనక బోలెడు ఖాళీ. లెక్చరర్ వచ్చి, "ఎక్కడైనా కూర్చోమ్మా" అన్నారు. "ఎక్కడైనా అయితే ఇంట్లోనే కూర్చునేదాన్ని సార్" అని, ఆవిడ పక్కనే గోడకి నోట్సు ఆనించి నిలబడి రాసుకోసాగాను. క్లాసంతా నన్నే చూస్తోంది. కాళ్లు లాగుతున్నాయి. వెంకన్నని తలుచుకుని పళ్లు బిగించాను.

చివరికి ఆవిడే తల ఎత్తింది. "నొప్పిగా లేదూ?"

"ఉంది."

"మరి కూర్చోవేం?"

"మీరు లేస్తే కూర్చుంటాను."

పకపకా నవ్వి, నిజంగానే లేచి నిలబడింది. అప్పుడొచ్చింది చిక్కు! పెద్దావిడ నిలబడి ఉంటే నేనెలా కూర్చోను? అమ్మ నేర్పిన చదువులో అది లేదే! "మీరు కూర్చోండి ఆంటీ." "నీదేగా, నువ్వే కూర్చో." కుర్చీ ఖాళీగా, అటూ ఇటూ ఇద్దరం కాపలాగా! చూసి చూసి లెక్చరర్ తన కుర్చీయే ఎత్తి తెచ్చి మొదటి వరస పక్కన వేశారు. (ఆయన చల్లగా ఉండాలి, మిగతా పాఠమంతా నిలబడే చెప్పారు.) మొదటి వరసలోనే కూర్చున్నాను. కోర్సు పూర్తయ్యేదాకా అక్కడే.

ఇప్పుడు ఏ మీటింగుకి వెళ్లినా ఖాళీ కనిపించినచోట థాంక్స్ చెప్పి కూర్చుంటాను. అందరూ ఎంత అణకువో అంటారు. మోకాళ్ల నొప్పులు, అంతే. ఆ గోడ పక్కన నిలబడ్డ పిల్ల మాత్రం అప్పుడప్పుడూ గుర్తొచ్చి నవ్వొస్తుంది. తన తప్పేమీ లేదు. ఆ సీటు తనదే. అలా మొండికెయ్యడం ఎప్పుడు మానేశానో, అదే గుర్తు రావడం లేదు.