నోరు అదుపులో పెట్టుకోమన్నారని

నా ఈడు వాళ్లందరికీ పెళ్లి సంబంధాలు చూస్తున్న కాలంలో, మా మేడ్చల్‌లో అన్నం తినాలంటే ఆకలి ఒక్కటి ఉంటే సరిపోయేది. ఫోన్‌లో చార్జింగ్ ఉండాల్సిన అవసరం లేదు. ఇప్పుడు ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డవాడు కూడా చట్నీలో వేలు పెట్టకముందే ప్లేటును ఫోటో తీస్తున్నాడు. తీసి ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, దానికి ఎన్ని క్యాలరీలో యాప్‌లో ఎక్కిస్తాడు. మా ఊళ్లో ఆ పని చేసిన మొదటి తరంలో నేనూ ఒకణ్ని. (నాకంటే ముందు ఇంకెవరైనా ఉంటే, పరువు పోతుందని బయటపడలేదేమో.) మొన్న మా వాటర్ ప్లాంటులో కొత్తగా చేరిన డ్రైవర్ ఒకతను, "అన్నా, రోజు తిన్నదానికి లెక్క రాస్తే నిజంగ ఫాయిదా ఉంటదా?" అని అడిగాడు. ఉంటుంది. నాకు జరగవలసిన పెళ్లి దానివల్ల కొద్దిలో తప్పిపోయేది. తప్పకుండా నిలబడింది కూడా దానివల్లే. కాబట్టి ఉంటుందనే అనుకోవాలి.

ముందు నా సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. తర్వాత ట్రాలీ ఆటో నేర్చుకుని, బౌరంపేట్‌లో కొత్తగా లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీలకు నీళ్ల క్యాన్లు వేసేవాణ్ని. ఊళ్లో నన్ను 'రేడియో' అనేవారు. ఎందుకన్నారో నేను ఎవరినీ అడగలేదు, అడిగేంత సందు నా మాటల్లో నాకే దొరికేది కాదు. ఒంటి సంగతికొస్తే, నాకంటే ముందు నా పొట్ట గేటు దాటేది. వాచ్‌మన్ దానికి సలాం కొట్టి, ఆ తర్వాత నన్ను పలకరించేవాడు.

అట్లాంటి నాకు మా మేనమామ శామీర్‌పేట సంబంధం తెచ్చాడు. పిల్ల వాళ్ల బాపు చెరువులో చేపలు పట్టి అమ్ముకునే మనిషి. చూపులకు మేనమామ, మా అవ్వ, నేను పోయాం. (మా ఇంట్లో అమ్మానాయినా ఉన్నా పెద్దరికమంతా అవ్వదే. వాళ్లిద్దరినీ ఆమె ఇంట్లోనే కాపలా పెట్టింది.) పళ్లెం నిండా గారెలు పెట్టారు. నేను తిండి మాటకు, మాట తిండికి అడ్డం రాకుండా రెండు పనులూ సమానంగా నడిపించాను. పిల్ల చాయ్ తెచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉంది. చూడగానే నాకు నచ్చింది. నచ్చినప్పుడు ఊరుకోవడం రేడియోకు చేతకాదు కదా. వాళ్ల బాపును చూసి, "మామా, చేపలు మీయి, నీళ్లు మాయి. పుట్టబోయే పోరగాండ్లకు ఈత నేర్పే పని తప్పింది!" అన్నాను. మేనమామకు గారె గొంతులో అడ్డం పడింది. ఆ పెద్దమనిషి పైకప్పు వాసాలు చూశాడు. పిల్ల చాయ్ పళ్లెం ఎత్తుకుని లోపలికి పోయింది. నేను మాత్రం ఇంకో గారె తీసుకున్నాను.

రెండు మూడు రోజులకు మేనమామ కబురు తెచ్చాడు. "పిల్ల ఒప్పుకున్నదిరా. కని ఒక్క మాట అన్నదంట. 'పిల్లగాడు జర నోరు అదుపుల వెట్టుకోవాలె' అని."

ఇంటిల్లిపాదీ కలిసి నా పొట్ట వైపు చూశారు. అవ్వయితే నెత్తి కొట్టుకుంది. "నేను కన్ను సైగ జేస్తనే ఉన్న, గారెలు గన్ని తినకురా అని. పిల్ల పరేషాన్ అయ్యిందేమో, వీనికి వండిపెట్టుడు నాతోని అయితదా అని!" వచ్చే నెల ముహూర్తం పెట్టుకోవడానికి వాళ్లింటికే భోజనానికి రమ్మన్నారు. ఆలోపల నేను తగ్గాలి. తగ్గకపోతే పిల్ల ఏమంటుందో అని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

బౌరంపేట్‌లో నేను క్యాన్లు వేసే ఒక ఇంటి సారు ఉండేవాడు. ఎప్పుడు చూసినా ట్రాక్ ప్యాంటే. ఆయన పెసరట్టును కూడా ఫోటో తీసి ఫోన్‌తో ఏదో మాట్లాడేవాడు. "తిన్నది రాస్తే ఒళ్లు తగ్గుతుందయ్యా" అని నాకు చెప్పింది ఆయనే. ఆ సంగతి మా ప్లాంటులో మోటార్లు చూసుకునే చోటే భాయ్‌కు చెప్పాను. "అరే యార్, గదేం పెద్ద పని!" అని నా ఫోన్ గుంజుకుని అదే యాప్ వేశాడు. ఇంగ్లిష్ అక్షరాలు నాకు ఒక్కొక్కటిగా అయితే పరిచయమే గానీ గుంపుగా వస్తే గుర్తుపట్టలేను. అందుకని యాప్ తెలుగులో మాట్లాడేటట్టు, నేను చెప్పింది వినేటట్టు, చప్పుడు పూర్తిగా పెంచి పెట్టాడు. "మియా, ఇగ నువ్వు రాసుడు లేదు. తినుడు, చెప్పుడు, గంతే."

ఆ ఫోన్‌లో మాట్లాడేది ఒక ఆడగొంతు. ఆమె తెలుగు పెళ్లిపత్రిక మీద తెలుగు కంటే శుద్ధం. మొదటిరోజు పొద్దున "అంబలి" అన్నాను. "అంబులెన్స్. ఈ ఆహారం దొరకలేదు" అంది. మధ్యాహ్నం "పచ్చిపులుసు" అన్నాను. "పచ్చి పులి దొరకలేదు" అంది. (దొరక్కపోవడమే మంచిది, దొరికితే లెక్క రాసుకునేది నేను కాదు, అది.) సర్వపిండిని ఆమె ఎన్ని రకాలుగా విన్నదో చెప్పలేను. చివరికి నేనే ఓడిపోయి దాన్ని 'పిజ్జా' అని రాయించాను. పాపం, ఆమెకు సాస్ పోసిన తిండి పేర్లన్నీ వచ్చు. మా ఇంట్లో సాసెవరు పోస్తారు?

పేరు కుదిరితే తూకం దగ్గర తగువు. "ఎన్ని గ్రాములు?" అని ఆమె అడుగుతుంది. నేను అవ్వను అడుగుతాను. "గ్రాములేందిరా? నా సెయ్యికి తెలుస్తది ఎంత వెయ్యాల్నో." పోనీ ఎన్ని ముద్దలో లెక్కపెట్టుకుందామని నేను లోపల లోపల గొణుక్కుంటుంటే అవ్వ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "తినే ముద్దను లెక్కవెట్టొద్దు బిడ్డా. లెక్కవెడితే ముద్ద ఏడుస్తది. ఏడ్సిన ముద్ద పెయ్యికి పట్టదు."

"ఒంటికి పట్టొద్దనే గదనే నా బాధ!" అన్నాను.

అబద్ధం ఆడకూడదు, ఆ యాప్ నాకొక మంచి పని చేసింది. నేను అన్నంవల్ల లావెక్కాను అనుకునేవాణ్ని. రోజంతా నోట్లో పడిందల్లా చెప్పుకుంటూ పోతే తేలిందేమిటంటే, బౌరంపేట్ గేట్ల దగ్గర ప్రతి వాచ్‌మనూ ముచ్చట కోసం నన్ను ఆపి ఒక చాయ్ పోసేవాడు. చాయ్ అన్నప్పుడల్లా ఫోన్‌లోని ఆ అమ్మ "చక్కెర ఎన్ని చెంచాలు?" అని అడిగేది. సాయంత్రానికి నాకే సిగ్గేసింది. చక్కెర మానేశాను. బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగింది. అవ్వ దిష్టి తీసింది. ఇక గెలిచాననుకున్నాను.

ముహూర్తం పెట్టుకునే రోజు వచ్చింది. శామీర్‌పేటలో వాళ్లింట్లో చాప పరిచి విస్తళ్లు వేశారు. నా పక్కన మేనమామ, ఆ పక్కన అవ్వ, ఎదురుగా పిల్ల వాళ్ల బాపు. నేను ఫోన్‌ను విస్తరి పక్కన తలగడలాగా పెట్టుకున్నాను. కాబోయే అత్తమ్మ చేపల పులుసు వడ్డించింది. పొద్దున పట్టిన చేప. ఆ వాసనకు నాలిక ఆగేట్టు లేదు. కానీ పిల్ల తలుపు చాటున ఉంది, నా అదుపు చూస్తోంది. అందుకని పద్ధతిగా మొదలుపెట్టాను.

"అత్తమ్మా, గీ పులుసుల నూనె ఎంత వోసిన్రు?"

ఆమె గరిటె ఆగిపోయింది. "ఎందుకు బిడ్డా? నూనె వాసనొస్తాందా?"

"లే లే, మస్తున్నది. ఎన్ని చెంచాలో చెప్తె సాలు."

"సెంచాలతోని పోస్తరా బిడ్డా నూనె?" ఆమె భర్త వైపు చూసింది. ఆయన ముద్ద కలపడం ఆపాడు. నేను తొందరగా పని ముగిద్దామని ఫోన్ మీదికి వంగి "చేప" అని గుసగుసలాడాను. చోటే భాయ్ పెంచిన చప్పుడు ఆ ఇంటి నాలుగు గోడలకూ సరిపోయింది.

"చేప. ఎన్ని ముక్కలు తిన్నారు? దయచేసి చెప్పండి."

పెద్దమనిషి మెల్లగా అడిగాడు. "ఎవలది గా ఆడగొంతు?"

"ఎవలు లేరు మామా!"

"క్షమించండి. ఎవరూ లేరు మామా అనే ఆహారం దొరకలేదు."

"మా ఇంట్ల కూసొని తింటుంటె, ముక్కలు లెక్క అడిగే ఆడామె ఎవలు? పిల్లను సూడొచ్చినప్పుడు గీ ముచ్చట చెప్పలేదేంది?" మేనమామ ఏదో సర్దిచెప్పబోయాడు, కానీ ఆయనకు గొంతులో ముల్లు పడింది. (మా మేనమామ గొంతు మా కుటుంబానికి ఎన్నడూ అక్కరకు రాలేదు.) ఈలోపల ఆ అమ్మ పొద్దుటి నుంచీ నేను చెప్పినవన్నీ కూడుకుని తీర్పు కూడా చెప్పేసింది.

"ఈ రోజుకు మీకు కావలసిన దానికంటే ఎక్కువ తిన్నారు. ఇక ఆపండి."

పెద్దమనిషి చెయ్యి విస్తరి మీంచి తీసేశాడు. ఆయన అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. "పొద్దుగాల నేనే చెరువుల దిగి వట్టిన చేప ఇది. మా ఇంట్ల తినెటోళ్ల ముక్కలు లెక్కవెట్టే రివాజు లేదు. తినెటోన్ని ఆపుమనే రివాజు అసలే లేదు. పిలగానికి మా తిండి నచ్చినట్టు లేదు. ముహూర్తం ముచ్చట ఇంకోపారి సూద్దాం."

నేను సాయానికి అవ్వ వైపు చూశాను. అవ్వ ఆయన వైపు తిరిగి, "నేను సెప్పిన బిడ్డా, లెక్కవెడితే ముద్ద ఏడుస్తదని. ఇనలే" అంది. మా అవ్వ అట్లా, న్యాయం ఎటుంటే అటు జరిగి కూర్చుంటుంది.

ఇక దాచి లాభం లేదు. "మామా, నీ బిడ్డనే గద జెప్పింది, నోరు అదుపుల వెట్టుకొమ్మని! గందుకే గదా నెల నుంచి గీ లెక్కలన్ని! మీ తిండి నచ్చక కాదు, మీ పిల్ల నచ్చి!"

ఆయన తలుపు వైపు తిరిగాడు. "అన్నవా బిడ్డా?"

"అన్న, బాపు." మొదటిసారి ఆమె గొంతు విన్నాను. అనుకున్నంత నెమ్మదిదేం కాదు. "తిండి ముచ్చట ఎప్పుడన్న నేను? మాటల ముచ్చట అన్న. పుట్టని పోరగాండ్లకు ఈత నేర్పే పని లేదన్నడు, నీ ముంగట, నేను చాయ్ వట్టుకొని నిలవడితె! చేపలు వట్టెటోళ్ల ఇంట్ల పుట్టి, తినెటోన్ని తినొద్దంటనా?"

నెల రోజులుగా నేను ఆపింది ఒకటి, ఆపవలసింది ఒకటి. రెండూ ఒకే నోటి పనులు కాబట్టి తేడా తెలియలేదు. మా ఇంట్లో ఒక్కరికీ మాటల మీద అనుమానం రాకపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తోంది. రైలు పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లకు రైలు చప్పుడు వినబడదు.

ముందు అత్తమ్మ నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. తర్వాత పెద్దమనిషి భుజాలు కదిలాయి. పిల్ల గరిటె తీసుకుని బయటికొచ్చి, తలకాయ ముక్క నా విస్తట్లో వేసింది. "ఇగ తిను. మాట్లాడకు." ఫోన్ "మీరు ఇంకేమైనా తిన్నారా?" అని అడిగింది. ఆయన దాన్ని ఎడమచేత్తో తీసి, మూలన ఉన్న ఖాళీ చేపల బుట్ట కింద బోర్లించాడు. ముహూర్తం మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మ లోపలి నుంచి పాపం ఏదో అడుగుతూనే ఉంది. ఎవరూ బదులు చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు, నోరు అదుపులో ఉంది.

పెళ్లయ్యాక యాప్ తీసేయమని అడిగితే చోటే భాయ్, "శాదీ అయిపోయిందిగా, ఇగ లెక్క భాభీ చూసుకుంటది" అన్నాడు. అదే నిజమైంది. బెల్టు మళ్లీ పాత బెజ్జానికి వచ్చింది. చక్కెర లేని చాయ్ మాత్రం నిలబడింది. అందుకే ఆ కొత్త డ్రైవర్‌కు చెప్పాను: కొన్నాళ్లు రాసి చూడు, నీకు తెలియకుండా ఏది లోపలికి పోతోందో తెలుస్తుంది. తెలిశాక మూసేయి. దారి తెలిసినవాడు రోజూ రోడ్డు పక్క రాళ్లు లెక్కపెట్టుకుంటూ పోడు. ఎవరింటికైనా తినడానికి పోతే మాత్రం ఫోన్ చెప్పుల దగ్గర విడిచి పో.

ఇప్పుడు గేట్ల దగ్గర ముచ్చట పెట్టే వాచ్‌మన్లు తగ్గారు. ఫోన్‌లో నంబరు కొడితే గేటు తెరుచుకుంటుంది. నా మాటలూ వాటంతటవే తగ్గాయి, ఏ యాప్ చెప్పకుండానే. నిన్నగాక మొన్న కంచం ముందు నేను ఊరికే కూర్చుని తింటుంటే నా భార్య గరిటె ఆపి చూసింది.

"ఏంది, ఇయ్యాల సప్పుడే లేదు? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. నోరు అదుపుల వెట్టుకున్న."

"గంత అదుపు అక్కర్లే," అని ఇంకో చేప ముక్క వేసింది. "ఏదన్న చెప్పు."

మా బిడ్డ ఆ పూటే బడి నుంచి వచ్చి, స్నేహితురాళ్లందరూ ఈత నేర్చుకుంటున్నారు, నన్నూ చేర్పించండని పేచీ పెట్టి పడుకుంది. దాన్ని చూపించి, "చేపలు మీయి, నీళ్లు మాయి. మరి దీనికి ఈతెందుకు రాలేదంటవ్?" అన్నాను.

ఆమె నవ్వింది. పెళ్లిచూపుల నాడు రావలసిన నవ్వు. కాస్త ఆలస్యమైంది గానీ, ఆ రోజు గారెల పళ్లెం ముందు కూర్చున్న ఆ లావుపాటి కుర్రాడు దాన్ని చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంటూ, ఆ ముక్క కూడా లెక్కపెట్టకుండా తినేశాను.