పెద్దబాపు, చైనా, మా డాబా తాళం

ఆయన చైనా సంగతి చెబుతుంటే టీవీ గొంతు పెంచింది మీరే. మనం వలసొచ్చి బతుకుతున్న ఈ కామత్‌ఘర్‌లో ఏ హోటల్లో చాయ్ తాగుతూ ఇది చదువుతున్నా సరే, మిమ్మల్నే అంటున్నాను. ఇక ఆ శ్రమ అక్కర్లేదు. మొన్న మంగళవారం పొద్దున మా పెద్దబాపు పోయాడు.

మరమగ్గాల షెడ్డులో సాంచాల మోతకు ఎప్పుడో చెవులు పోగొట్టుకున్న మనిషి. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. మామూలు ఫోను ఆయనకు దండగ. వీడియో కాల్ వచ్చాకే సిరిసిల్లలో ఉన్న కూతురితో మళ్ళీ మాట కలిసింది. కింది గదుల్లో సిగ్నల్ అందదు కాబట్టి రోజూ సాయంత్రం మేముండే కిరాయి గదుల చాల్ డాబా ఎక్కేవాడు.

ఆ డాబా మీదే టవర్ పెడతామని ఓ ఫోన్ కంపెనీ వచ్చింది. చాల్ యజమాని సేటు, మన తెలుగువాడే, సరేనన్నాడు. టవర్ లేస్తే డాబాకు తాళం పడుతుంది. తాళంచెవి కంపెనీది. అదేమిటని అడిగింది పెద్దబాపు ఒక్కడే.

అదే వారం పేపర్లో ఓ వార్త. కొన్ని నగరాల్లో ఇంటర్నెట్ సేవలు సొంతంగా నడుపుకొమ్మని విదేశీ కంపెనీలకు చైనా ప్రభుత్వం అనుమతులిచ్చిందట. పెద్దబాపు దాన్ని షెడ్డులో అరిచినంత గట్టిగా హోటల్లో చదివాడు. సేటు ఆయన ముందుకు వంగి నవ్వాడు.

"చూసినవా అన్నా, చైనా అసొంటిదే మెత్తబడ్డది. మనకు ఒక్క టవర్‌కు గింత లొల్లి ఏంది?"

"మెత్తబడలే, పిలిచింది. ఏ ఊళ్ళె ఉండాలె, ఏం అమ్మాలె, దేని జోలికి రావద్దు, అన్నీ ముందుగాల్ల చెప్పి పిలిచింది. నువ్వేం చెప్పి పిలుస్తున్నవ్ సేటూ?"

సేటు చాయ్ చల్లారుతోందన్నాడు. మీరు టీవీ పెంచారు.

నాకూ ఆయనతో పేచీ ఉండేది. తన జనం ఏం చదవాలో కూడా తానే నిర్ణయించే సర్కారును మనకు పాఠంగా చెబుతావేమని ఒకసారి నిలదీశాను. నా పెదాలు చూసి మాట పట్టుకుని, "బేరం నేర్చుకో బిడ్డా, జులుం కాదు" అన్నాడు. టవర్ వద్దని ఆయన ఏనాడూ అనలేదు. అది మనందరికన్నా ఆయనకే ఎక్కువ అవసరం. అడగాల్సింది అడగకుండా తలుపు తీయడాన్ని అభివృద్ధి అనొద్దన్నాడు, అంతే.

పోయిన ఆదివారం కూడా డాబా మీదే ఉన్నాడు. ఫోన్‌ను నీళ్ళ ట్యాంకుకు ఆనించి, షెడ్డులో సాంచాల మధ్య మాట్లాడినట్టే, రెండు చేతులతో కూతురికి ఏదో చెబుతున్నాడు. తెరమీద ఆమె చేతులూ అట్లాగే ఆడుతున్నాయి.

ఈ ఆదివారం సేటు సంతకం పెట్టబోతున్నాడు. కింద ఆయన షెడ్లలో సాంచాలు నడిపేది మనం. అందరం కలిసి వెళ్తే కాదనలేడు. అడగాల్సినవి ఇవి:

డాబా తాళంచెవి చాల్‌లో ఉండేవాళ్ళ దగ్గరే ఉండాలి.
సిగ్నల్ కింది గదుల్లోకీ షెడ్లలోకీ రావాలి.
టవర్ జనరేటర్‌ను కిటికీల పక్కన పెట్టకూడదు.
సంతకానికి ముందే షరతులన్నీ తెలుగులో, హిందీలో మెట్ల దగ్గర అంటించాలి.
నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక మనిషి నిలబడి రెండు చేతులూ ఆడించేంత జాగా వదలాలి.