మైపాడు సరుగుడు తోపులో మంచు

మైపాడు ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా దిమ్మలు మోస్తున్న జీవానందానికి మంచు అంటే ఏ సరదా లేదు. భుజం మీద గోనెపట్టా వేసుకుని, దిమ్మ ఎత్తుకుని పడవ దాకా నడిచేసరికి ఎడమ చెవి తిమ్మిరెక్కిపోతుంది. అతనికి తెలిసిన మంచు అంతే. అలాంటి మనిషి, తమ చర్చి క్యాలెండరు మీద మంచు కురిపిస్తానని పాస్టరుగారికి మాటిచ్చేశాడు.

ఇదంతా నెల్లూరులో మొదలైంది. పద్మనాభయ్యగారు తన ఫొటో స్టూడియో ఎత్తేస్తుంటే బీరువాలు దించడానికి జీవానందం వెళ్లాడు. పని అయ్యాక ఆయన ఓ పాత డిజిటల్ కెమెరా, మూడు కాళ్ల స్టాండు, చిన్న డబ్బాలో నల్లటి గాజుబిళ్ల ఇచ్చి, తీసుకుపొమ్మన్నారు. జీవానందం గాజుబిళ్లను కంటికి పెట్టుకుని చూశాడు.

"ఇది చెడిపొయ్యుండాది సార్. ఏమీ కనపడ్లా."

"కనపడకూడదబ్బయ్యా. ఎండలో మన కంటికి ఆనని వెలుతురు ఒకటుండాది. ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఈ బిళ్ల దాన్నొక్కదాన్నే లోపలికి పోనిస్తది. పచ్చటి ఆకు ఆ వెలుతుర్ని తిరగ్గొడతది. అందుకని ఫొటోలో చెట్లన్నీ మంచు పడినట్టు తెల్లంగా వస్తాయి."

"మన చెట్లేనా?"

"మన చెట్లే. కాకపోతే ఈ కెమెరాలో ఆ వెలుతురు దూరకుండా కంపెనీవోళ్లే ఓ అడ్డం పెట్టుంటారు. దాన్ని పీకించాలంటే పెద్ద యవ్వారం. పీకకుండా తీయాలంటే ఓపిక పట్టాల. మిట్టమధ్యాన్నం కెమెరా కన్ను మూడు నిమిషాలు తెరిచి పెట్టినావంటే, ఆ అడ్డాన్ని తప్పించుకుని దూరేది కాస్త దూరతది."

ఓపిక అన్న మాట వినగానే జీవానందానికి ధైర్యం వచ్చింది. అది అతని దగ్గర కావలసినంత ఉంది.

చర్చి క్యాలెండరు మీద ప్రతి ఏడూ ఏదో పరాయి దేశపు మంచు బొమ్మే వేస్తారు. పొగగొట్టం ఉన్న ఇల్లు, దాని చుట్టూ తెల్లటి చెట్లు. ఆ ఇంట్లో ఎవరుంటారో మైపాడులో ఎవరికీ తెలియదు. "మన తోపులోనే మంచు పడినట్టు, మన సంఘమంతా కూర్చున్నట్టు ఫొటో తీస్తానయ్యగారూ" అని జీవానందం అనేసరికి గిద్యోను పాస్టరుగారు ముచ్చటపడ్డారు.

"తియ్. బాగొస్తే కింద నీ పేరు కూడా అచ్చేయిస్తా. వచ్చే ఆదివారమే తీయాల. సోమవారం ప్రెస్సుకు పంపాల. లేదంటే ఆ పొగగొట్టం ఇల్లే."

పేరు అన్న మాట జీవానందం గుండెలో దిగిపోయింది. అతని పేరు ఇంతవరకూ రెండు చోట్లే అచ్చయింది, రేషను కార్డులోనూ ఓటరు లిస్టులోనూ. ఆ రెండూ ప్రభుత్వం తన అవసరం కొద్దీ వేసుకున్నవి. చర్చిలో షామియానా కట్టేది అతను, కుర్చీలు వేసేది అతను, మైకు గరగరమంటే తీగ పట్టుకుని నిలబడేది అతను. చివర్లో "సహకరించిన వారందరికీ వందనాలు" అంటారు. ఆ అందరిలో ఎక్కడో అతనుంటాడు. చేసిన పని కింద 'ఇది ఫలానావాడు చేశాడు' అని ఒక్కసారి చూసుకోవాలని అతనికి కోరిక.

మొదట కెమెరాకు ఆ వెలుతురు తెలుస్తుందో లేదో చూడాలి. టీవీ రిమోటు ముక్కు దగ్గర కూడా అదే వెలుతురు ఉంటుందని పద్మనాభయ్యగారు చెప్పారు. జీవానందం రిమోటు తీసుకుని కెమెరా ముందు పెట్టి నొక్కాడు. కెమెరాలో చిన్న చుక్క మిణుక్కుమంది. సరిగ్గా అప్పుడే అతని భార్య కరుణాకుమారి చూస్తున్న సీరియల్లో కోడలు నిజం చెప్పబోతోంది. చానలు మారిపోయింది.

"కనపడింది కరుణా!"

"నాకూ కనపడతా ఉండాది, నీకు మతిపోవడం! పెట్టు రిమోటు."

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట అన్నం మానేసి తోపులో సాధన చేశాడు. నల్లబిళ్ల బిగించాక కెమెరాలోంచి ఏమీ కనబడదు కాబట్టి ముందే గురి చూసుకుని, తర్వాత బిళ్ల తిప్పి బిగించాలి. తిప్పేటప్పుడు గురి కదిలి మొదటి ఫొటోలో ఇసుకే వచ్చింది. రెండోది గోంగూర పచ్చడిలా ఎర్రగా వచ్చింది. పద్మనాభయ్యగారికి ఫోన్ చేస్తే రంగు తీసేసి నలుపు తెలుపులో పెట్టుకోమన్నారు. మూడో ఫొటో నడుమ ఓ గేదె వచ్చి, కాసేపు నిలబడి వెళ్లింది. ఫొటోలో దాని నాలుగు కాళ్లు మాత్రం మిగిలాయి. బటను మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని, బటను మీద చింతగింజ పెట్టి పైన రబ్బరు బ్యాండు వేశాడు. ఆ ఉపాయం బ్రహ్మాండంగా కుదిరింది.

లెక్కే కుదరలేదు. తొంభై దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు "ఏం జీవానందం, ఎండలో ఏం జేస్తుండావు?" అని పలకరిస్తారు. లెక్క పోతుంది. అప్పుడతనికి తట్టింది. పరలోక ప్రార్థన తాపీగా చెప్పుకుంటే ఒకసారికి అర నిమిషం. ఆరుసార్లు చెబితే మూడు నిమిషాలు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చింది కనుక మధ్యలో ఎవరు పలకరించినా తడబడడు. అలా చెప్పుకుని తీసిన ఫొటోలో సరుగుడు చెట్లు నిలువునా తెల్లబడి, ఆకాశం నల్లబడి, ఇది మైపాడంటే మైపాడే నమ్మనట్టు వచ్చింది.

ఆదివారం ఆరాధన తోపులోనే పెట్టారు. ప్రసంగం కాగానే, ముగింపు ప్రార్థన ఫొటో తర్వాత పెట్టుకుందామని, పన్నెండు గంటలకు ఎండలో కుర్చీలు వేశారు. మొదటి వరసలో పాస్టరుగారు, ఆయన భార్య ఫ్లోరమ్మగారు. వెనక తెల్లచీరల్లో స్త్రీలు, వాళ్ల వెనక మగవాళ్లు. పక్కన చెట్ల నీడలో ప్రేమవిందుకు సాంబారు గుండిగలు సిద్ధంగా ఉన్నాయి. ఆ వాసన ఫొటోకు మంచిది కాదని జీవానందానికి అప్పుడు తోచలేదు.

"మూడు నిమిషాలు ఎవరూ కదలొద్దు. కదిలితే ఫొటోలో ఉండరు!" అని గట్టిగా చెప్పాడు. గురి చూశాడు. నల్లబిళ్ల తిప్పాడు. చింతగింజ పెట్టి, రబ్బరు వేసి, అలవాటు కొద్దీ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, పైకే పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆ మొదటి మాట చెవిన పడగానే సంఘమంతా లేచి నిలబడి గొంతు కలిపింది. పరలోక ప్రార్థన అంటే ఆరాధన ముగిసిందని లెక్క. అది ఐపోగానే పాస్టరుగారి చేతులు వాటంతటవే లేచి ఆశీర్వాదం ఇచ్చేశాయి. ఆమేన్ అన్నారు. బైబిళ్లు కుర్చీల్లో పెట్టి, ఒకరికొకరు చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటూ అందరూ సాంబారు వైపు నడిచారు. వెనక గోల వినబడుతున్నా జీవానందం కళ్లు తెరవలేదు. ప్రార్థనలో కళ్లు తెరవడం అతని వంశంలో లేదు. ఇంకా ఐదుసార్లు మిగిలి ఉంది.

ఆరో ఆమేన్ అయ్యాక కళ్లు తెరిచి, రబ్బరు తీశాడు. ముందు నలభై కుర్చీలు, నలభై బైబిళ్లు. మనిషన్నవాళ్లు ఒక్కరే, ఫ్లోరమ్మగారు. గడ్డం ఎత్తి, నడుము నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు.

"అయ్యగారూ! ఏందిది, అందరూ యాడికి పొయినారు?"

"నువ్వే గదయ్యా ముగింపు ప్రార్థన ఎత్తుకుంది!" అన్నారు పాస్టరుగారు విస్తరి చేతపట్టుకుని.

కెమెరా తను తీసిన ఫొటోను శుభ్రం చేసుకోవడానికి ఇంకో మూడు నిమిషాలు పట్టింది. అందరూ చుట్టూ మూగారు. బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటోంది. ఇంకో ఫొటోకు ఓపిక దానికి లేదు. చివరికి తెర వెలిగింది.

చెట్లు తెల్లగా, మంచు పట్టినట్టే ఉన్నాయి. ఆకాశం నల్లగా, కుర్చీలు వరసగా, ఒక్కో కుర్చీలో ఒక్కో బైబిలు. వాటి మీద మనుషులున్న చోట పల్చటి పొగ. ఆ పొగంతా పైకి లేస్తున్నట్టుంది. నట్టనడుమ ఫ్లోరమ్మగారు మాత్రం చీర అంచు జరీతో సహా స్పష్టంగా ఉన్నారు.

పాటల గుంపు పెద్ద అబిగయీలమ్మ నోరు నొక్కుకుంది. "దేవా! ఇది రాకడ గదా! ప్రభువు తిరిగొచ్చి సంఘాన్నంతా పైకి ఎత్తుకున్నాడు. ఒక్క అమ్మగారు..." అని, మిగతాది మింగేసింది.

పాస్టరుగారు భార్య వైపు తిరిగారు. "మూడు నిమిషాలు కదలకుండా యెట్టా కూర్చున్నావు?"

"నిద్రపొయినా."

"నా ఆశీర్వాదంలోనా?"

"ఇరవై రెండేళ్ల నుంచీ" అన్నారు ఫ్లోరమ్మగారు. సంఘంలో ఈ సంగతి తెలియనిది ఆయనొక్కరికే. అందరూ సాంబారు వైపు చూడసాగారు.

పాస్టరుగారు మళ్లీ తెర మీదికి వంగారు. ఇది అచ్చేస్తే ఊరూరా ఇంటింటా ఏడాది పొడుగునా సంఘం పైన, తన భార్య కింద. జీవానందం ఆయన ముఖం చూసి చేతులు కట్టుకున్నాడు.

"తప్పైపొయ్యిందయ్యగారూ. ఆ పొగగొట్టం ఇల్లే ఎయ్యండి" అన్నాడు. పక్కనే ఉన్న కరుణాకుమారి, వారం నుంచి అతన్ని తిడుతున్న మనిషి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు గమ్మునుండు జీవానందం" అన్నారు ఫ్లోరమ్మగారు. కెమెరా తీసుకుని తనను తాను తేరిపారజూసుకున్నారు. "నా పెళ్లి ఫొటోలో కూడా నేనింత బాగా రాలా. నువ్వు కదలొద్దన్నావు, నేను కదల్లా. మాట విన్నది నేనొక్కదాన్నే. మీరంతా పైకి పొయినా మీ బైబిళ్లు ఏరి పెట్టేదానికి ఒకరు మిగలాల గదా. ఇదే అచ్చేయించండి."

"అందరూ నవ్వతారు ఫ్లోరా."

"నవ్వనీండి. క్యాలెండరు చూసి నవ్విందెప్పుడు గనక?"

పాస్టరుగారు భార్య ముఖం చూసి, సాంబారు దగ్గరికి వెళ్లిపోయారు. అంటే ఒప్పుకున్నట్టే.

డిసెంబరు మొదటి వారంలో క్యాలెండర్లు వచ్చాయి. జీవానందం ఒకటి ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లి తూకం పక్కన గోడకు కొట్టాడు. ఐసుకు వచ్చిన పడవల చెంచురామయ్య దాని ముందు నిలబడిపోయాడు.

"ఏ దేశమబ్బా ఇది? ఎవురా పెద్దమ్మ, అంత మంచులో ఒక్కతే కూర్చోనుండాది?"

జీవానందం భుజం మీది దిమ్మను అలాగే పట్టుకుని ఆగాడు. చెవి తిమ్మిరెక్కుతున్నా దించలేదు.

"అదంతా ఆనక చెప్తాలే అన్నా. ముందు కింద చదువు."