మొక్కలు పడుకున్నాయి, మెల్లిగా!

మాస్టారు గట్టిగా మాట్లాడి పదకొండేళ్ళయింది. ఏం చెప్పినా గుసగుసే. జబ్బేమీ లేదు, మౌనవ్రతమూ కాదు. మొక్కలు పడుకున్నాయని, అంతే.

ఏ మొక్కలంటే, ఊరికి రెండు రోజుల ప్రయాణం దూరంలో, మబ్బులు కూడా ఎక్కలేక కిందే ఆగిపోయే ఎత్తున ఒక కొండ ఎడారి ఉంది. అక్కడి మొక్కలు కొన్ని పగలంతా ఆకుల్లోని సన్నని రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక తెరిచి ఊపిరి పీలుస్తాయి. ఇది నిజమే, పుస్తకాల్లో ఉంది. పగటిపూట మనం గట్టిగా మాట్లాడితే వాటికి నిద్రాభంగమవుతుందన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది మాస్టారి సొంత సరుకు.

"మరి ఊళ్ళో ఎందుకండీ గుసగుస? ఇక్కడ ఆ మొక్కలు లేవుగా" అని ఎవరైనా అడిగితే, "అలవాటు తప్పకూడదు" అని చెవిలో చెప్పేవారు.

ఆయన పనిచేసేది ఎండు మొక్కల్ని అట్టలకి అంటించి భద్రపరిచే ఆఫీసులో. ఆయన ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఏదో రహస్యమనుకుని, లేచి తలుపులు మూసి వచ్చి మరీ వినేవారు. తీరా చూస్తే, "జిగురు అయిపోయింది, రెండు డబ్బాలు పంపండి." మీటింగుల్లో ఆయన లేచి ఏమన్నదీ ఎవరికీ వినపడేది కాదు. వినపడలేదని ఒప్పుకోడానికి అందరికీ నామోషీ. అందుకని తలలూపేవారు. అలా తలలూపి తలలూపి కొండ మీది మకాంకి కొత్త కప్పు, జీపుకి కొత్త టైర్లు మంజూరు చేసేశారు.

ఆయన భార్య బాధ వేరు. "ఈయనతో పోట్లాడితే పోట్లాడిన తృప్తే ఉండదమ్మా. తిట్టినా సరసమాడుతున్నట్టే ఉంటుంది. మమ్మల్ని చూసి వీధిలోవాళ్ళంతా ఎంత అన్యోన్యమో అనుకుంటున్నారు" అని ఆవిడ ఒకరోజు బొమ్మలమ్మాయి దగ్గర వాపోయింది.

బొమ్మలమ్మాయంటే ఆ ఆఫీసులో మొక్కల బొమ్మలు గీసే ఉద్యోగిని. ఆరేళ్ళుగా ఎండిపోయిన మొక్కల్నే చూసి గీస్తోంది. గోధుమరంగు డబ్బా తప్ప ఇంకో డబ్బా మూత తీసే పని పడలేదు. ప్రాణమున్న మొక్కని, అది పుట్టిన చోటే కూర్చుని గీయాలని ఆమె కోరిక. మాస్టారు ఏడాదికొకరిని కొండ మీదికి తీసుకెళ్తారు. నచ్చకపోతే కిందికి పంపేస్తారు. ఒకసారి పంపేస్తే ఇంక ఆ మనిషికి కొండ లేదు, జన్మంతా గోధుమరంగే.

అంతవరకూ ముగ్గురిని పంపేశారు. ఒకడు పకపకా నవ్వాడని. ఒకావిడ పాట ఎత్తుకుందని. మూడోవాడు జీపు డ్రైవర్‌తో "కొంచెం గట్టిగా చెప్పన్నా" అన్నాడని.

ఆ ఏడు వంతు బొమ్మలమ్మాయికొచ్చింది. వస్తూనే భయమూ పట్టుకుంది. ఎందుకంటే ఆమెది మామూలు గొంతు కాదు. వాళ్ళమ్మ ముప్ఫయ్యేళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మోత మధ్య పనిచేసిన మనిషి. ఆ ఇంట్లో "ఉప్పు అందుకో" అన్నా వీధి చివరి వరకూ వినపడేది. ప్రయాణానికి నెల ముందునుంచీ ఆమె ఇంట్లో గుసగుస సాధన మొదలుపెట్టింది. మూడో రోజుకే వాళ్ళమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమైందే నీకు? ఎవరినైనా ప్రేమించావా?"

"లేదమ్మా, ఉద్యోగం" అంది ఆమె, గాలితో.

"ఇదేం ఉద్యోగమే? దొంగతనమా?"

ఆ గుసగుసతోనే ఆమె జీపెక్కింది. డ్రైవర్ కొండ మకాంలోనే ఉంటాడు, జీపూ ఆయనే, వంటా ఆయనే, దారీ ఆయనే. నవ్వు మొహం, మెడకి ఎప్పుడూ రుమాలు. ఆయనదీ గుసగుసే. ఇంజిన్ మోతలో ముగ్గురూ గుసగుసలాడుకుంటే ఎవరి మాట ఎవరికీ అందక, సగం దారి చేతి సైగలతోనే గడిచింది. జీపుకి హారన్ తీగ పీకేశారు. మలుపు వచ్చినప్పుడల్లా మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండి, జీపు వస్తోంది" అని ఎదురుగా లేని బండికి గుసగుసగా చెప్పేవారు.

"చూశావా అమ్మాయ్" అన్నారాయన డ్రైవర్‌ని చూపిస్తూ. "గుసగుసంటే ఆయనది. ఎంత తేటగా, ఎంత నిదానంగా ఉంటుందో! పదకొండేళ్ళుగా ప్రయత్నిస్తున్నా, నాకే అంత బాగా రాలేదు. ఆయన్ని చూసి నేర్చుకో."

డ్రైవర్ గేరు మార్చాడు.

రెండో రోజు మధ్యాహ్నం జీపు ఆగింది. దిగి చూస్తే ఎటు చూసినా రాయి. బూడిదరంగు, గంధంరంగు, తుప్పురంగు, దూరంగా కొండల మీద పాలిపోయిన ఊదా. ఆకాశం మరీ దగ్గరగా ఉంది. గాలి కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నట్టుంది. ఆ నిశ్శబ్దంలో నిలబడితే, మాస్టారి పిచ్చి అంత పిచ్చిగా అనిపించలేదామెకి. ఇక్కడ గట్టిగా మాట్లాడటం నిజంగానే తప్పేమో అనిపించింది. ఆయాసం తీర్చుకోడానికి ఒక నున్నటి పచ్చని బండ మీద కూర్చుంది.

"మొక్కలేవండీ?" అంది మెల్లిగా.

"నువ్వు కూర్చున్నది దాని మీదే" అన్నారు మాస్టారు. "వెయ్యేళ్ళు దాటి ఉంటాయి. పెద్దవాళ్ళ మీద అలా కూర్చోకూడదమ్మా."

ఆమె ఎగిరి లేచింది. వంగి చూస్తే అది బండ కాదు. లక్షల చిన్ని చిన్ని ఆకులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, చలికి ముడుచుకుని, రాయంత గట్టిగా అయిపోయిన ఒకే మొక్క. అరచెయ్యి ఆనిస్తే లోపల్నుంచి ఎండ వేడి తగిలింది. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాతి రోజులు కలలో నడిచినట్టే గడిచాయి. ఒంటినిండా తెల్లటి నూగుతో దుప్పటి కప్పుకున్నట్టుండే మొక్కలు. రాతి పగుల్లో వేలెడంత ఎదిగి, భూమిలోకి మాత్రం బారెడు దిగిన మొక్కలు. ఒకరోజు మాస్టారు ఎండిపోయిన పిచ్చుకగూడులాంటి ముద్ద ఒకటి చూపించి, సీసాలోంచి కాసిని నీళ్ళు పోశారు. చూస్తూ ఉండగానే ఆ ముద్ద మెల్లమెల్లగా వేళ్ళు విప్పింది. సాయంత్రానికి పచ్చబడింది.

"బతికింది!" అంది ఆమె, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"చస్తే కదా! నటించింది" అన్నారు మాస్టారు. అని, ఎందుకో అటు తిరిగి దగ్గారు.

ఆమె రంగు డబ్బాలన్నిటి మూతలూ ఊడిపోయాయి. రోజుకి రెండు బొమ్మలు. నోరు మాత్రం విప్పలేదు. వారం గడిస్తే గట్టెక్కినట్టే అనుకుంది.

ఆరో రోజు పొద్దున ఒక్కతే మిట్ట ఎక్కింది. మిట్ట అవతల, మాస్టారు ఇరవై రెండేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న మొక్క ఒకటుంది. బతుకు మొత్తంలో ఒక్కసారే పూస్తుంది. పూసిన ఏడే పోతుంది. ఏటా మాస్టారు చూసి రావడం, "వచ్చే ఏడు" అనడం. ఆమె మిట్ట దాటి తల ఎత్తింది. మనిషి ఎత్తున కంకి లేచి, కింది నుంచి పై దాకా పూలు. ఆమె ఏ డబ్బాలోనూ లేని నీలం.

"మాస్టారూ! పూసిందండోయ్! పూసిందీ!"

ముప్ఫయ్యేళ్ళ మగ్గాల మోత మొత్తం ఆ గొంతులోంచి బయటికొచ్చింది. ఎదుటి కొండ పూసిందంది, పక్క కొండ పూసిందంది, ఎక్కడో అవతల ఇంకో కొండ కూడా ఆలస్యంగా పూసిందంది. ఆ తర్వాతగానీ ఆమెకి తను చేసిన పని తెలియలేదు.

మాస్టారు రొప్పుకుంటూ పైకొచ్చారు. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన పువ్వు ఎదురుగా ఉంటే, ఆయన దాన్ని చూడలేదు. కింద జీపు దగ్గర కదలకుండా నిలబడిపోయిన డ్రైవర్‌నే చూశారు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు పొద్దున్నే నువ్వు కిందికి వెళ్ళిపో అమ్మాయ్" అన్నారు. కోపంగా కూడా కాదు. అదే ఆమెని ఎక్కువ ఏడిపించింది.

తెల్లారింది. ఆమె సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. డ్రైవర్ జీపు తియ్యలేదు. టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, పక్కన చతికిలబడి, మెడ మీది రుమాలు విప్పాడు. గొంతుకి అడ్డంగా పాత కోత.

"ఆపరేషన్ చెల్లెమ్మా. మనిషిని బతికించారు, గొంతుని బతికించలేకపోయారు. నాకు ఇంతకన్నా పైకి రాదు."

ఆమె టీ తాగడం మానేసి అతనివైపు తిరిగింది.

"అంతకుముందు నేను కేకేస్తే ఆ మూడు కొండలూ పలికేవి. ఆస్పత్రి నుంచొచ్చి, ఇంక ఈ పని నావల్ల కాదు, వెళ్ళిపోతానని మాస్టారికి కాగితం రాసిచ్చా. నలుగురిలో నేనొక్కణ్ణే ఇలా గాలి ఊదుతుంటే నామర్దాగా ఉండేది. ఆయన ఆ కాగితం చదివి, జేబులో పెట్టుకుని, గుసగుసగా అన్నాడు కదా, 'మెల్లిగా మాట్లాడవయ్యా, మొక్కలు పడుకున్నాయి' అని. అంతే. ఆ రోజు నుంచి ఈ కొండ మీద అందరిదీ ఒకటే గొంతు."

"నీకు తెలుసని ఆయనకి తెలుసా అన్నా?"

"తెలీదు. ఎలా చెప్పను? ఊళ్ళో కూడా గుసగుసేనంట, ఎవరైనా వచ్చి నాకు చెప్పేస్తారని భయం. అంత కష్టపడుతున్న మనిషితో, అయ్యా నాకు తెలిసిపోయిందిలే అంటే ఆయన మొహం ఏమైపోద్ది?" డ్రైవర్ కొండలవైపు చూశాడు. "కానీ చెల్లెమ్మా, పదకొండేళ్ళ తర్వాత నిన్న ఆ కొండ పలికిందమ్మా. నా చెవుల తుప్పు వదిలిపోయింది. వెళ్ళే ముందు ఇంకొక్కసారి అరుస్తావా?"

బొమ్మలమ్మాయి గ్లాసు కింద పెట్టి లేచింది. ఇంక పోయేదేముంది? ఊపిరి పీల్చుకుని, "అన్నోయ్!" అని ఒక్క కేక పెట్టింది. మూడు కొండలూ డ్రైవర్‌ని వరసబెట్టి పిలిచాయి.

మాస్టారు దుప్పటి కప్పుకునే బయటికి ఉరికొచ్చారు. "అమ్మాయ్! మొక్కలు..." అని గాలితో కేకలేయబోయారు.

"మొక్కలు ఎప్పుడో లేచాయి మాస్టారూ" అన్నాడు డ్రైవర్. రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. "మొదటి వారంలోనే లేచాయి. మీరు బాధపడతారని పడుకున్నట్టు ఉన్నాయి. ఇంక మీరు మాట్లాడండి. నాకు వినాలనుంది."

మాస్టారు ఆ కోతని చూశారు, మనిషిని చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. దుప్పటి సర్దుకున్నారు. ఆమె కింద పెట్టిన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. అప్పుడు నోరు తెరిచారు.

"ఏమయ్యా! టీలో ఇంత చక్కెర పోస్తారటయ్యా!"

బొమ్మలమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. వాళ్ళమ్మా, ఆమె, మిల్లులోని మగ్గాలన్నీ కలిసినా ఆ గొంతు ముందు దిగదుడుపే. మకాం కప్పు మీది దుమ్ము రాలింది.

"పదకొండేళ్ళు తాగానయ్యా ఈ పానకం! గుసగుసగా తిడితే ఏం బావుంటుందని ఊరుకున్నా!" అని, ఆయన అదే ఊపులో ఆమెవైపు తిరిగారు. "నువ్వెక్కడికి సంచి పట్టుకుని? ఆ పువ్వు నీకోసం ఆగుతుందనుకున్నావా? పో, పోయి గీసుకో!"

ఆమె రంగుల పెట్టె చంకన పెట్టుకుని మిట్ట మీదికి పరుగెత్తింది. వెనక మకాం గుమ్మంలో చక్కెర గురించి పెద్ద పోట్లాటే మొదలైంది. ఒకరిది ఉరుము, ఇంకొకరిది గుసగుస. మిట్ట పైకి చేరేదాకా చెవి అటే వేసి వింది. గెలుస్తున్నది గుసగుసే.