తమ్ముడి మోకాళ్ళ ప్రోగ్రాం

తమ్ముడి కళ్ళు నెత్తికెక్కాయని అక్కకు ఎప్పటినుంచో అనుమానం. ఆ అనుమానం తీరింది మాత్రం మోకాలి ఆపరేషన్ అయ్యాకే.

ఆమె బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. రోజంతా బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించే పని. మెట్ల మీద జారి మోకాలు చెడగొట్టుకుంది. "కాలు కుదుటపడ్డాకే రండమ్మా. కూర్చుని చేసే పని మా దగ్గర లేదు" అన్నాడు యజమాని. కాలు నిలబడకపోతే ఇన్నేళ్ళ చేతిపని పోయినట్టే. వ్యాయామం మాస్టారైన తమ్ముడు ఇంట్లోనే ఉండగా భయమెందుకని ఆమె ధైర్యం.

ఒకప్పుడైతే ఆ ధైర్యానికి అర్థం ఉండేది. మేడ మీది గదిలో చాపలు పరిచి పాఠం మొదలుపెట్టిన రోజుల్లో, ఎవరి నడుము ఎక్కడ పట్టేసిందో తమ్ముడు చెయ్యి పెట్టి చూసేవాడు. మడమ కింద తువ్వాలు మడిచి పెట్టేవాడు. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు "వ్యాపారం పెంచాలి మాస్టారూ" అని చెవిలో ఊదాడు. ఇక చూస్కోండి! ఒక ఆదివారం సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఒక్కపూట పాప్-అప్ క్లాసు, మరో ఆదివారం ఫర్నిచర్ షోరూం ముందు. చెంప పక్కన మైకు, వెనక బ్యానరు, బ్యానరు మీద చేతులు కట్టుకున్న తన బొమ్మే. వచ్చినవాళ్ళలో సగం మంది ఉచిత నీళ్ళ సీసా కోసం వస్తారు, మిగతా సగం మంది దారి లేక ఆగిపోయినవాళ్ళు. వాళ్ళకే అరచేతిలో వైకుంఠం చూపించి, ఆన్‌లైన్ ప్రోగ్రాం అంటగట్టి, పొట్ట లోపలికి పీల్చుకుని ఫోటోలు దిగేవాడు ఈ మహానుభావుడు.

"ఒరే, కాస్త నా మోకాలు చూడరా. వంచితే ప్రాణం పోతోంది" అంది అక్క, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక.

"లింకు పంపించా కదక్కా! మోకాళ్ళ ప్రోగ్రాం మొత్తం నీకు ఫ్రీ."

"పక్క గదిలోనే ఉన్నావు కదరా, లింకెందుకు?"

"ఒక్కొక్కరికీ విడిగా చెప్తూ కూర్చుంటే వ్యాపారం పెరగదక్కా. నీకు తెలీదులే."

ఒళ్ళు మండినా ఆమె లింకు తెరిచింది. ఫోనులో తమ్ముడు పళ్ళికిలిస్తూ "శభాష్! అద్భుతంగా చేస్తున్నారు!" అన్నాడు. అప్పటికి ఆమె కుర్చీలోంచి లేవనే లేదు. లేవబోయి, నొప్పికి మంచం పట్టె పట్టుకుని ఆగిపోతే "సూపర్! అలాగే!" అన్నాడు. గోడకు అవతల అదే గొంతు ఇంకెవరికో ఇంకో ప్రోగ్రాం అమ్ముతోంది. అక్కకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

చివరికి కాలు బాగు చేసింది ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి. నవ్వదు, పొగడదు. మోకాలి కింద అరచెయ్యి పెట్టి, "నా చేతిని నొక్కండి ఆంటీ. ఇంకా గట్టిగా. ఊహూఁ, రాలేదు, మళ్ళీ" అనేది. ఆ చీవాట్లు తింటూనే అక్క లేచి నిలబడింది, మళ్ళీ కత్తెర పట్టుకుంది.

ఆమె పనిలో చేరిన సాయంత్రమే తమ్ముడు ఫోనుతో వచ్చి సోఫాలో పక్కన చేరాడు. "అక్కా, నా ప్రోగ్రాంతోనే నడిచానని రెండు ముక్కలు చెప్పు. సొంత అక్క చెప్తే జనం నమ్ముతారు." ఇద్దరూ మోకాళ్ళతో సహా సెల్ఫీ వీడియోలో పడేలా చెయ్యి ముందుకు చాచాడు.

సిగ్గు లేకపోవడానికైనా ఓ హద్దుండాలి. అయినా అక్క కోప్పడలేదు. "చెప్తాలే. నయం చేసింది నువ్వే కదా, ఏ మోకాలో ముందు నువ్వు చెప్పు" అంది.

తమ్ముడు తల తిప్పలేదు. ఫోను తెరలో కనబడే ఆమె మోకాళ్ళనే చూశాడు. ముందు కెమెరా ఎడమను కుడి చేసి చూపిస్తుంది.

"కుడి మోకాలు, ఫ్రెండ్స్!" అన్నాడు నవ్వుతూ.

బెల్టు కట్టిన ఆమె ఎడమ మోకాలు వాడి తొడకు ఆనుకునే ఉంది.