పసుపు పొట్లంలో మూడు దేశాలు

మూడు దేశాలు కలిసి ఒకే విమానాల కంపెనీ ఎట్లా పెట్టుకున్నాయి అమ్మమ్మా, అది అసలు ఎవరిదవుతుంది అని మొన్న ఫోన్లో అడిగావు కదే పెద్దదానా, కాలేజీలో దాని మీద ఏదో రాసివ్వాలని. జవాబు చిన్నదే. డెన్మార్క్, నార్వే, స్వీడన్ పక్కపక్క దేశాలు. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తలో, మహాసముద్రం దాటించి విమానాలు నడిపేంత తాహతు ఏ ఒక్కరికీ లేక, ఎవరి కంపెనీ వాళ్ళు ఉంచుకుంటూనే అందరూ ఒక్క పేరు కిందికి వచ్చారు. మొత్తం ఏడు భాగాలనుకుంటే స్వీడన్‌వి మూడు, మిగతా ఇద్దరికీ చెరి రెండు. నేను గుక్క తిప్పుకోకుండా ఇదంతా చెప్పేసరికి నువ్వు "నీకెట్ల తెలుసు అమ్మమ్మా?" అని ఆశ్చర్యపోయావు. తెలియకేం, ఆ ఏడు భాగాల దగ్గరే నా చదువు ఆగిపోయింది. అది చెప్పబోతుంటే నీకు క్లాసుకు టైమైంది. అందుకే మీ ముగ్గురు మనవలకూ కలిపి రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

ఆ రోజుల్లో లోకమంతా మాకు పొట్లాల్లో వచ్చేది. జహీరాబాద్ బజార్లో మా నాయినకు కిరాణా దుకాణం ఉండేది. బొంబాయి నుంచి వచ్చే లారీల వాళ్ళు రద్దీ కాగితాల కట్టలు, అంటే పాత చిత్తు కాగితాలు, దించిపోయేవారు. బడి నుంచి రాగానే నేనూ నా తమ్ముడూ (మీరు చిన్నతాత, చిన్నతాత అని మెడకు వేలాడతారే, ఆయనే) చాప మీద కూర్చుని ఆ కాగితాలు చింపి, మడిచి పెట్టాలి. దొరికింది దొరికినట్టు చదివేవాళ్ళం. కథ మొదలు ఒకరి లవంగాల్లో పోయేది, చివర ఇంకొకరి జీలకర్రలో పోయేది. (ఇప్పటికీ ఏ కథైనా సగంలో ఆగిపోతే నాకు జీలకర్ర వాసన వస్తుంది.) తమ్ముడు నాకంటే ఏడాది చిన్న, కానీ ఇద్దరం ఒకే క్లాసు. మా అమ్మకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది వంట చేయడానికి నన్ను బడి మాన్పించారు. ఆ ఏడాది సంగతి ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు, అన్నం మాత్రం అందరూ తిన్నారు.

ఒకరోజు ఆ రద్దీలో నున్నటి దళసరి కాగితం ఒకటి వచ్చింది. పైన విమానం బొమ్మ, కింద మూడు జెండాలు, చుట్టూ ఇంగ్లీషు. మా ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా డిక్షనరీ ముందర పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుని కూడబలుక్కున్నాం. ఉత్తర ధ్రువం మంచు మీదుగా అమెరికాకు దారి వేసింది తామేనని కూడా అందులో ఉంది. "అక్కా, ఏడు భాగాలల్ల రెక్కలెవలికొచ్చినయే?" అని తమ్ముడు అడిగితే, "రెక్కలు చెరొకటి, చక్రాలు చెరొకటి ఆ ఇద్దరికి. స్వీడనోళ్ళకు మూడు భాగాలు గదా, తలకాయ, కడుపు, తోక" అని నేను పంచిపెట్టాను. కడుపు నొచ్చేలా నవ్వుకున్నాం. ఆ కాగితం దాచుకుంటానని నాయిన్ని అడిగితే, "గంత గట్టి కాగితం దాసుకునేదా? పసుపు కడితే జర్ర గూడ కారది" అని లాక్కున్నాడు.

తర్వాత పది రోజులకు బడిలో జనరల్ నాలెడ్జి పరీక్ష పెట్టారు. హైదరాబాద్‌లో ఎవరో పుణ్యాత్ములు పదో క్లాసు వాళ్ళకు పెట్టించింది. బడికి ఒక్కరే గెలుస్తారు. ఆ ఒక్కరికీ హాస్టల్, ఇంటర్, డిగ్రీ అన్నీ ఫుకట్, పైసా కట్టక్కర్లేదు. మా ఇంట్లో ఆడపిల్లకు పదితో సరి అని నేను పుట్టకముందే తీర్మానమైపోయింది. అయినా నేను అడిగితే నాయిన ఒక మాట ఇచ్చాడు: "ఫుకట్ సీటొస్తే పో బిడ్డా, నేనెందుకద్దంట." వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు, అందుకే అంత ధారాళంగా ఇచ్చాడు. తమ్ముడికేమో, సీటు వచ్చినా రాకపోయినా పైచదువు ఖాయమే, పొలం కుదువ పెట్టయినా.

మాకు సోషల్ చెప్పే సారును బరాబర్ సార్ అనేవాళ్ళం. ఏం చెప్పినా చివర సరేనా అన్నట్టు "బరాబర్?" అనేవాడు, మేమందరం "బరాబర్ సార్" అనాలి. ఆయనే పేపర్లు దిద్దాడు. మర్నాడు పొద్దున క్లాసులో చదివాడు: ఇరవై ప్రశ్నల్లో తమ్ముడివి ఇరవై సరి, నావి పంతొమ్మిది. తప్పిన ఒక్కటీ ఏదనుకున్నారు? ఫలానా విమానాల కంపెనీ ఏ దేశానిది అని. తమ్ముడు స్వీడన్ అని రాశాడు. నేను మూడు దేశాలూ రాసి, పక్కన వాటాలు కూడా రాశాను. (తెలివి ఎక్కువైతే ఇట్లాగే రాస్తారు.) నా గొంతు అప్పుడూ ఇంతే, పక్క బెంచీకి కూడా వినిపించదు. అయినా లేచి నిలబడ్డాను.

"సార్, అది ఒక్క స్వీడన్‌ది కాదు. మూడు దేశాలది."

"ఒక్క బర్రెకు ముగ్గురు మాలికులుంటరా?" అన్నాడు సార్.

"మా గల్లీల బాయి ఐదిండ్లది గద సార్."

"బాయి లేసి ఎగురుతదా? గాల్లకు లేసినంక ముగ్గురు మూడు దిక్కులకు తిప్పమంటె డ్రైవరు ఎవల మాట ఇనాలె?"

క్లాసు గొల్లుమంది. కాగితంలో చదివానని చెప్పాను. సార్ గడియారం చూసుకున్నాడు. "ఐతే కాయిదం పట్టుకరా. నాలుగింటికి పేరు టపాలేస్త. అంతల్ల కాయిదం చూపెడితే నీ పేరు, లేకుంటె మీ తమ్మునిది. బరాబర్?" అన్నాడు. అలవాటు కొద్దీ క్లాసంతా "బరాబర్ సార్" అంది. నేనూ అన్నాను.

దుకాణానికి పరుగెత్తాను. తమ్ముడు వెనకే వచ్చాడు. నాయిన తూకం వేస్తూ ఆలోచించి ఆలోచించి, "గా నున్నటి కాయిదమా? నిన్ననే చిరాగ్‌పల్లి పెండ్లోళ్ళకు పసుపు కట్టిచ్చిన. సామాన్లకు వాళ్ళ ముసలమ్మ వచ్చిండె" అన్నాడు. నా ముఖం చూసి తమ్ముడే సైకిల్ తీశాడు. "ఎక్కక్కా, నేను తొక్కుత" అన్నాడు. ఆ మాట వాడే అన్నాడు, నేను అడగలేదు.

హైవే మీద లారీలు పోతుంటే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని క్యారియర్ మీద కూర్చున్నాను. కొంత దూరం పోయాక అడిగాను. "నువ్వు గూడ నాతోని చదివినవ్ గదరా. స్వీడన్ అని ఎందుకు రాసినవ్?"

"మొన్న క్లాసుల సార్ గట్లనే చెప్పిండక్కా. పరీక్ష సార్‌ది, విమానాలోళ్ళది కాదు గదా."

వాడి బుర్ర ఎంత చురుకైనదో చూడండి. ఊరికే ఆఫీసరు కాలేదు. "మరి కాయిదం దొరికితే సీటు నాకు పోతదిరా" అన్నాను. "పోనీతీ. ఇద్దర్ల ఎవలికొస్తె ఏంది, ఇంట్లనే గదా" అన్నాడు వెనక్కి తిరగకుండా.

పెళ్ళింట్లో అప్పుడే పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నారు. మాకు పసుపు పొట్లం కాగితం కావాలని చెబితే వినే నాథుడే లేడు. ఒకావిడ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "పెండ్లింటికొచ్చి గుంజ తీరుగ నిలవడుతవేందే? పట్టు" అని చేతిలో పసుపు గిన్నె పెట్టింది. మరొకావిడ నా రెండు చెంపలకూ ఇంత పసుపు రాసింది. పాట పాడమన్నారు. నేను పాడింది నాకే వినిపించలేదు, వాళ్ళకేం వినిపిస్తుంది? ఇంతలో తమ్ముడు "నువ్వుండక్కా, నేను చూసొస్త" అని సామాన్లు పెట్టిన గదిలోకి పోయాడు. కాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "దొరికిందక్కా. జేబుల పెట్టిన. నడువు, టైం లేదు" అన్నాడు. ఆ ముసలమ్మ మమ్మల్ని వదిలితే కదా. "పెండ్లింట్ల మెతుకు ముట్టకుంట పోతరా, మా బిడ్డకు అరిష్టం" అని ఇద్దరికీ విస్తర్లు వేయించింది. జొన్నరొట్టె, పప్పు, బెల్లం పరమాన్నం. నాలుగు దాటిపోతుందేమోనని నేను ఏడుపూ పరమాన్నమూ కలిపి మింగాను. తమ్ముడు మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

తిరుగు దారంతా నేను క్యారియర్ మీద హాస్టల్ గది సర్దుకుంటూ వచ్చాను. కిటికీ పక్కన మంచం, మంచం కింద ట్రంకు పెట్టె, పెట్టెలో డిక్షనరీ. జేబులోంచి తీసి ఒక్కసారి చూపించరా అనాలని కూడా తోచలేదు. గాలికి ఎగిరిపోతుందేమోనని భయం.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా బడి చేరాం. నన్ను చూడగానే బరాబర్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏందమ్మా, కాయిదం తెమ్మంటె పెండ్లి చేస్కోనొచ్చినవా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ముఖమంతా పసుపు. పిల్లలు బల్లలు చరిచి మరీ నవ్వారు. నేను కూడా కాస్త నవ్వాను, గెలిచినదాన్ని కదా అని.

తమ్ముడు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సార్ మడత విప్పాడు. సగమే ఉంది. విమానం ముక్కు భాగం, ఒక్క జెండా. కింద స్వీడన్ అన్న పేరు, దాని ఎదురుగా ఏడింట మూడు భాగాలు అన్న మాట. మిగతా రెండు జెండాలూ, రెండు దేశాలూ లేవు. గుండ్రటి పసుపు మరక సరిగ్గా మధ్యలో తెగిపోయింది, అంటే చిరిగింది పసుపు కట్టిన తర్వాతే.

"సూసిన్రా! స్వీడన్!" అన్నాడు సార్.

"సార్, ఏడింట మూడు అని ఉంది సార్. మరి కడమ నాలుగు ఎవలియి?"

సార్ కాగితాన్ని మళ్ళీ కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ క్షణంలో నా ప్రాణమంతా ఉంది. "కడమ నాలుగు ప్యాసింజర్లయి" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

"తమ్ముడు గూడ చదివిండు సార్, పూరా కాయిదం. అడుగున్రి" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, ఎందుకంటే వెనక బెంచీల వాళ్ళు కూడా నా వైపు తిరిగారు. సార్ వాడివైపు తిరిగాడు. వాడు తన చెప్పుల్ని చూసుకుంటూ, "నాకు బరాబర్ యాదికి లేదు సార్" అన్నాడు. నాలుగు గంటలు కొట్టారు.

ఇంట్లో ఆ సాయంత్రం పండగే. "ఇద్దర్ల ఒకలికొచ్చింది, సీటైతే మనింటిదే గదనే, ఏడుస్తవెందుకు?" అంది అమ్మ. "ఆడపిల్లను హాస్టల్ల ఎట్లుంచాలె అని ఫికర్ పట్టుకుండె. దేవుడు మంచిగ చేసిండు" అన్నాడు నాయిన. సీటు ఇంటిది, కూర్చున్నది ఒక్కరు. తమ్ముడి ట్రంకు పెట్టె మీద వాడి పేరు తెల్ల రంగుతో నేనే రాశాను, ఇంట్లో అందరికంటే నా రాత బాగుంటుందని. ఆ తర్వాత పెళ్ళయ్యేదాకా మూడేళ్ళు ఒక్కదాన్నే పొట్లాలు మడిచాను. చదవడం మానలేదు. కాకపోతే పొట్లాల్లో చదివిన వాటికి ఎవరూ పరీక్ష పెట్టరు.

మొన్న నువ్వే చెప్పావు కదే పెద్దదానా, నార్వే తన వాటా ఎప్పుడో అమ్మేసుకుందనీ, కంపెనీ దివాలా దాకా పోయి బయటపడేటప్పటికి స్వీడన్ కూడా తప్పుకుందనీ, డెన్మార్క్ పక్కన ఇప్పుడు బయటి దేశాల వాళ్ళు కూర్చున్నారనీ. వినగానే నాకు నవ్వొచ్చింది. మూడు దేశాలదన్న నా జవాబు తప్పయిపోయింది. స్వీడన్‌దన్న సార్ జవాబూ తప్పయిపోయింది. ఇద్దరం ఇప్పుడు బరాబర్. ఆయన మాత్రం ఈ ముచ్చట వినకుండానే పోయాడు.

మీ చిన్నతాత మంచివాడు, నేను కాదనను. నా కంటి ఆపరేషన్‌కు దవాఖానలో వారం రోజులు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి డబ్బా నిండా మిఠాయి తెస్తాడు. ఆ పెళ్ళింటి ముసలమ్మ చాలా ఏళ్ళ తర్వాత, నేను పుట్టింట్లో ఉండగా ఒకసారి దుకాణానికి వస్తే, ఆ కాగితం మీరే చింపారా అని అడిగాను. "ఏ కాయిదం బిడ్డా? పొయ్యి ముట్టియ్య ఎన్ని చింపుతమో, గవన్ని యాదికుంటయా?" అంది. అదీ నిజమే కావచ్చు. తమ్ముడిని ఒక్కసారే అడిగాను, వాడు రిటైరైన రోజు, మెడలో ఇంకా ఆ పూలదండ ఉండగా. వాడు దండ తీసి కుర్చీకి తగిలించి, "చాయ్ చల్లగైతున్నదక్కా, తాగు" అన్నాడు. తాగాను. మళ్ళీ అడగలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుదామనుకుంటాను, మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడిగి పెట్టేస్తాను. రెండు చెంపలకూ పసుపుతో, క్యారియర్ మీద హాయిగా కాళ్ళూపుకుంటూ వస్తున్న ఆ పదహారేళ్ళ పిచ్చిదాన్ని తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. దాని తరఫున నాకు కావలసింది ఇప్పుడు సీటు కాదు, ఒక్క మాట.

తమ్మీ, ఆ గదిల నీ చేతికొచ్చినప్పుడు కాయిదం పూరా ఉండెనా, సగమే ఉండెనా?